రేపే ఇండియానా, నార్త్ కరోలినా ప్రైమరీలు: మీకూ ఇంత టెన్షన్‌గా ఉందా?

అత్తిలి_ఆడపడుచు | మే 5, 2008, సాయంత్రం 5:40

అందరికీ నమస్కారం. మేం కార్మెల్‌లో ఉంటాం, ఇండియనాపొలిస్‌కి ఉత్తరాన. నాకు పోయినేడాది పౌరసత్వం వచ్చింది, రేపు వేయబోయేది ఈ దేశంలో నా మొదటి ఓటు. మా అమ్మాయికి ఇంకా పదిహేడేళ్ళే. నవంబరు ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండేవాళ్ళు ఇండియానాలో ప్రైమరీకి, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నికకి, ఓటు వెయ్యొచ్చు కాబట్టి తనకీ రేపే మొదటి ఓటు. జనవరిలో అయోవా ఫలితం వచ్చిన రోజే తను ఒబామా అని తేల్చేసుకుంది. నేను ఈ పూట వరకూ తేల్చుకోలేదు.

పొద్దుట్నుంచీ పని మీద ధ్యాస నిలవడం లేదు. ఒక సర్వేలో హిల్లరీ ఐదారు పాయింట్లు ముందుంది, ఇంకో సర్వేలో ఒబామాయే కాస్త ముందున్నాడు. ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. ఎత్తితే ఎవరో వాలంటీరు, లేకపోతే రికార్డు చేసిన గొంతు. 1968 తర్వాత మా రాష్ట్రం ప్రైమరీని దేశం ఇంతగా పట్టించుకోవడం ఇదే మొదటిసారని ఇక్కడి పెద్దవాళ్ళు అంటున్నారు. మామూలుగా మే నెల వచ్చేసరికి అభ్యర్థి ఎవరో తేలిపోయి, మా ఓటుతో ఎవరికీ పని ఉండదట. ఈసారి ఉంది. అదే నన్ను భయపెడుతోంది.

ఇక్కడ ఇండియానా వాళ్ళు, నార్త్ కరోలినా వాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీరెలా తేల్చుకున్నారు?

ట్రయాంగిల్_రావు | సాయంత్రం 5:58

ఉన్నామండీ. నార్త్ కరోలినా, కేరీ. మా ఇంట్లో ఇద్దరం ముందే ఓటు వేసేశాం. ఇక్కడ వన్-స్టాప్ అనే ముందస్తు ఓటింగ్ ఏప్రిల్ 17 నుంచి మొన్న శనివారం దాకా నడిచింది. పోయినేడాది తెచ్చిన చట్టం వల్ల అక్కడికక్కడే రిజిస్టర్ చేసుకుని ఓటు వేసే వీలు కూడా వచ్చింది.

వేసేస్తే టెన్షన్ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మేం వేసిన తర్వాతే ఒబామా పాత చర్చి పాస్టర్ రైట్ మాటల గొడవ మళ్ళీ లేచింది. ఏప్రిల్ 28న ఆయన వాషింగ్టన్‌లో ప్రెస్ క్లబ్‌లో మాట్లాడారు. మర్నాడు ఒబామా మా విన్‌స్టన్-సేలంలోనే నిలబడి ఆయనతో తెగతెంపులు చేసుకున్నాడు. అదే రోజు మా గవర్నర్ ఈజ్లీ హిల్లరీ పక్కన నిలబడ్డారు. రెండంకెల్లో ఉన్న ఒబామా ఆధిక్యం చాలా సర్వేల్లో ఏడెనిమిదికి దిగింది. నా ఓటు పెట్టెలో పడిపోయింది, ఇక నా చేతిలో ఏమీ లేదు. చూస్తూ కూర్చోవడం అంతకంటే కష్టంగా ఉంది.

నేను ఒబామాకి వేశాను. 2002 అక్టోబరులో సెనేట్‌లో ఇరాక్ యుద్ధానికి హిల్లరీ అవునని ఓటు వేశారు. అదే నెలలో ఒబామా షికాగోలో ఆ యుద్ధం వద్దని బహిరంగంగా మాట్లాడాడు. నాకు అది చాలు.

ఫోర్ట్‌వేన్_డాక్టరమ్మ | సాయంత్రం 6:21

అమ్మాయ్, ఇంకా తేల్చుకోలేదన్నావు కాబట్టి పెద్దదాన్ని, నా మాట చెబుతాను. తర్వాత నీ ఇష్టం.

నేను గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి డెబ్భైల్లో ఈ దేశం వచ్చాను. రెసిడెన్సీలో ఉండగా తెల్లకోటు వేసుకుని గదిలోకి వెళ్తే "నర్సమ్మా, డాక్టరు ఎప్పుడొస్తారు?" అని అడిగిన రోగులు ఎందరో. నేను చెప్పిందే పక్కనున్న మగ డాక్టరు మళ్ళీ చెబితే తల ఊపేవాళ్ళు. ఇప్పుడు టీవీలో హిల్లరీ గొంతు గురించి, నవ్వు గురించి, వేసుకున్న కోటు రంగు గురించి గంటల తరబడి మాట్లాడేవాళ్ళని చూస్తుంటే నాకు ఆ గదులే కనబడుతున్నాయి. న్యూ హాంప్‌షైర్‌కి ముందు రోజు ఇదే మనుషులు ఆమె పని అయిపోయిందన్నారు. మర్నాడు ఆమె గెలిచింది.

అంతకంటే ముఖ్యమైనది వైద్యం. అందరికీ ఇన్సూరెన్సు తప్పనిసరి చేస్తానని ఆమె అంటోంది. ఒబామా పిల్లలకి మాత్రమే తప్పనిసరి అంటున్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు బయట ఉండిపోతే ఖర్చంతా జబ్బున్నవాళ్ళ మీదే పడుతుంది, అప్పుడు లెక్క ఎక్కడా కుదరదు. మూడు దశాబ్దాలుగా చూస్తున్నాను, ఇన్సూరెన్సు లేక ఆఖరి దశలో వచ్చే షుగరు రోగుల్ని. కాలు తీసేయాల్సిన స్థితిలో వస్తారు. ఆరు నెలల ముందు వస్తే ఒక మాత్రతో పోయేది.

నాకు అరవై దాటాయి. ఒక ఆడమనిషి ఇంత దగ్గరికి రావడం మళ్ళీ చూస్తానో లేదో. రేపు పొద్దున ఆరింటికి మొదటి వరసలో ఉంటాను.

పర్డ్యూ_తమ్ముడు | సాయంత్రం 6:35

నాకు ఓటు లేదు అక్కా, స్టూడెంట్ వీసా. కానీ జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయొచ్చు కదా అని మార్చి నుంచి లఫయెట్‌లో ఒబామా ఆఫీసుకి వెళ్తున్నాను. ఇప్పుడే తిరిగొచ్చాను. మళ్ళీ ఏడింటికి ఫోన్లు చెయ్యాలి.

మాకిచ్చే కాగితంలో ఒక్కో ఇంటి పక్కన ఒక అంకె ఉంటుంది. ఒకటంటే గట్టిగా మనవాళ్ళు, ఐదంటే అవతలివాళ్ళు, మూడంటే తేల్చుకోనివాళ్ళు. ఈ వారం ఒకటి వేసినవాళ్ళ ఇళ్ళకే పంపుతున్నారు, ఓటు వెయ్యడానికి వెళ్తున్నారో లేదో కనుక్కోమని. నిన్న ఒక రిటైరైన ఆయన తలుపు తీసి, "నాది రెండో మూడో వేసుకో, రాత్రికి రాత్రి మారుతోంది" అన్నాడు. ఆయన అల్యూమినియం ఫ్యాక్టరీలో పనిచేశాడట. నా యాస విని ఊరు అడిగాడు. నెల్లూరంటే ఎక్కడో తెలియదు కానీ కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చాడు. ఓటు ఎవరికో మాత్రం చెప్పలేదు.

అలాంటి వాళ్ళు ఎంతమంది ఉన్నారో తలుచుకుంటేనే టెన్షన్. గువామ్‌లో మొన్న శనివారం ఏడు ఓట్ల తేడాతో తేలింది. ఏడు! మా ఆఫీసు గోడ మీద ఎవరో ఆ అంకె పెద్దగా రాసి అంటించారు.

ఓరుగల్లు_బిడ్డ | సాయంత్రం 6:50

హన్మకొండ నుంచి. ఇక్కడ తెల్లవారుజాము, నిద్ర పట్టక చూస్తున్నాను. ఒక సందేహం. వీళ్ళిద్దరూ ఒకే పార్టీ కదా. మరి పార్టీ అధ్యక్షుడు ఒకరి పేరు చెప్పేస్తే అయిపోదా? మా దగ్గర టీఆర్‌ఎస్ వాళ్ళు రాజీనామా చేసిన సీట్లకు ఈ నెల 29న ఉప ఎన్నికలు ఉన్నాయి. ఏ పార్టీలో అయినా బి-ఫారం ఎవరి చేతికిస్తే వాళ్ళే అభ్యర్థి. హైదరాబాదు, ఢిల్లీలలో తేలుతుంది. కార్యకర్తను కూడా అడగరు, ఇక మామూలు ఓటరు మాట ఎవరికి కావాలి?

ట్రయాంగిల్_రావు | సాయంత్రం 7:08

తమ్ముడూ, అసలు తేడా అక్కడే ఉంది. ఇక్కడ ఆ బి-ఫారం ఓటరు చేతిలో ఉంది. కాకపోతే నేరుగా కాదు. ఒక్కో రాష్ట్రానికి ఇంతమంది అని డెలిగేట్లు, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులు, ఉంటారు. ఇండియానాకి 72, మాకు 115. వచ్చిన ఓట్ల నిష్పత్తిలో పంచుతారు, పదిహేను శాతం రానివాళ్ళకి ఏమీ ఉండదు. నామినేషన్‌కి ఇప్పటి లెక్క ప్రకారం 2,025 మంది కావాలి. ఓట్లతో వచ్చిన డెలిగేట్లలో ఒబామా నూట యాభై దాకా ముందున్నాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కాంగ్రెస్ నియోజకవర్గానికి నాలుగు డెలిగేట్లు ఉంటే యాభై ఐదు శాతం వచ్చినా రెండు-రెండే. మూడు రావాలంటే అరవై రెండున్నర శాతం కావాలి. అదే ఐదు ఉన్నచోట సగం కంటే ఒక్క ఓటు ఎక్కువొస్తే మూడు. అందుకే కొన్ని ఊళ్ళలో వెయ్యి ఓట్లకి విలువ లేదు, కొన్ని ఊళ్ళలో పది ఓట్లకి ఉంది. వీటి మీద ఎనిమిది వందల దాకా సూపర్ డెలిగేట్లు: ఎంపీలు, గవర్నర్లు, పార్టీ పెద్దలు. వాళ్ళు ఎవరి వైపైనా ఉండొచ్చు. మీరన్న హైకమాండ్ పూర్తిగా పోలేదు, వాళ్ళ రూపంలో మిగిలింది. రేపటి ఫలితం చూసి వాళ్ళు కదులుతారని అందరి ఎదురుచూపు.

డల్లాస్_బాబాయ్ | సాయంత్రం 7:15

రావు గారు చెప్పిన లెక్క మేం మార్చి 4న కళ్ళారా చూశాం. టెక్సాస్‌లో పగలు ప్రైమరీ, పోలింగ్ ముగిశాక రాత్రి అదే చోట కాకస్, అంటే జనం చేరి ఎవరి వైపో సంతకం పెట్టి చెప్పే సభ. ఓట్లలో హిల్లరీ మూడున్నర శాతం ఆధిక్యంతో గెలిచింది. రెండూ కలిపితే డెలిగేట్లు ఒబామాకి 99, ఆమెకి 94. గెలిచింది ఎవరంటే ఈ రోజుకీ మా ఇంట్లో రెండు జవాబులు వస్తాయి.

ఆ రాత్రి మా బడి జిమ్‌లో నిలబడే చోటు లేదు. సంతకాలు పెట్టే కాగితాలు అయిపోతే ఎవరో పిల్లల నోటుబుక్కులు చింపి ఇచ్చారు. పదింటికి కూడా జనం కదల్లేదు. మన తెలుగు వాళ్ళు కూడా బాగానే వచ్చారు. పక్కింటి వాళ్ళని పేరు పెట్టి పిలిచింది నేను ఆ రాత్రే మొదటిసారి.

అమ్మాయ్, రేపు లైన్ పొడుగ్గా ఉంటే వెనక్కి రాకు. అంతే చెప్పేది.

లేక్‌కౌంటీ_స్టీలు | రాత్రి 7:40

మెరిల్‌విల్, గ్యారీ పక్కనే. స్టీల్ మిల్లులో మెటలర్జిస్టుని. ఇక్కడ ఎవరిని కదిపినా రెండే మాటలు: ఉద్యోగాలు, పెట్రోలు.

పెట్రోలు పన్ను సంగతి కాస్త చెప్పాలి. గ్యాలను మూడు డాలర్ల అరవై సెంట్లు దాటింది. ఈ వేసవికి కేంద్ర పన్ను గ్యాలనుకు 18.4 సెంట్లు ఎత్తేద్దామని రిపబ్లికన్ అభ్యర్థి మెక్‌కెయిన్ అన్నాడు, హిల్లరీ కూడా అదే అంటోంది. ఒబామా వద్దంటున్నాడు. పదిహేను గ్యాలన్ల ట్యాంకు నింపితే మిగిలేది 2 డాలర్ల 76 సెంట్లు, అదీ కంపెనీలు ధర పెంచకుండా మొత్తం మనకే వదిలితే. రెండు వందల మందికి పైగా ఆర్థికవేత్తలు ఇది పనికిరాదని సంతకాలు పెట్టారు. లెక్క నాకు తెలుసు. కానీ మా షిఫ్టులో రోజూ యాభై మైళ్ళు నడుపుకుంటూ వచ్చే మనిషికి ఈ లెక్క చెప్పి చూడండి. "ఆ రెండు డాలర్లు కూడా నాకెందుకు వద్దంటావు?" అని అడుగుతాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇంకో మాట. రేపు రాత్రి మా కౌంటీ లెక్కల కోసం చాలాసేపు కూర్చోవడానికి సిద్ధంగా ఉండండి. ఇక్కడ సెంట్రల్ టైము, పోలింగ్ మీకంటే గంట ఆలస్యంగా ముగుస్తుంది. ఆబ్సెంటీ బ్యాలెట్లు, అంటే పోలింగ్ రోజుకి ముందే వేసిన ఓట్లు, కుప్పలుగా ఉన్నాయి. పైగా మా పక్క ఊరు ఈస్ట్ షికాగోలో 2003 మేయర్ ప్రైమరీని ఆబ్సెంటీ ఓట్లలో మోసం జరిగిందని రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసి మళ్ళీ జరిపించింది. ఆ చరిత్ర వల్ల ఇక్కడ లెక్క ఆలస్యమైతే చాలు, అందరి కళ్ళూ మా మీదే.

అత్తిలి_ఆడపడుచు | రాత్రి 8:05

డాక్టరమ్మ గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను హాస్పిటల్ బిల్లింగ్‌లో పనిచేస్తాను. మీరు చూసిన ఆ షుగరు రోగుల బిల్లులు నా టేబుల్ మీదికి వస్తాయి. వాయిదాలు కట్టలేక ఫోను ఎత్తడం మానేసినవాళ్ళకి నేనే ఉత్తరాలు పంపాలి. వైద్యం విషయంలో మీరన్నది నాకు పూర్తిగా ఎక్కింది.

రావు గారూ, ఇరాక్ కూడా నాకు చిన్న విషయం కాదు. మా వీధి చివర ఇంటి అబ్బాయి అక్కడే ఉన్నాడు, రెండోసారి పంపారు. ఆవిడ నాకు ఎదురైనప్పుడల్లా ఏం మాట్లాడాలో తెలియదు.

మా పక్కింటాయన రిపబ్లికన్. మెక్‌కెయిన్ ఎప్పుడో ఖాయమైపోయాడు కాబట్టి రేపు డెమొక్రాటిక్ బ్యాలెట్ అడిగి హిల్లరీకి వేస్తానంటున్నాడు. రేడియోలో రిపబ్లికన్ల వైపు మాట్లాడే రష్ లింబా చెప్పాడట, ఈ పోటీ ఎంత సాగితే వాళ్ళకి అంత లాభమని. ఇండియానాలో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు, ఏ బ్యాలెట్ అడిగితే అది ఇస్తారు. నాకు చాలా బాధనిపించింది. నేను వారాల తరబడి నలిగిపోతున్న ఓటుని ఆయన అలా వాడేస్తున్నాడు.

కొలంబస్_శ్రీవారు | రాత్రి 8:20

ఇద్దరిలో ఎవరైనా మనవాళ్ళకి ఒరిగేదేమీ లేదు. గ్రీన్ కార్డుల క్యూ గురించి ఎవరైనా ఒక్క మాట మాట్లాడారా? పోయినేడాది జూన్‌లో ఒబామా మనుషులే హిల్లరీని "పంజాబ్ డెమొక్రాట్" అని ఎగతాళి చేస్తూ కాగితం తయారుచేశారు. మన దేశంతో స్నేహం ఉండటం తప్పన్నట్టు. ఇప్పుడు మనవాళ్ళే ఆయనకి ఫోన్లు చేస్తున్నారు.

పర్డ్యూ_తమ్ముడు | రాత్రి 8:31

ఆ కాగితం చదివినప్పుడు నాకూ మంట పుట్టింది అన్నా. ఒబామా అది తప్పేనని ఒప్పుకున్నాడు, బాధ్యత తనదే అన్నాడు. అణు ఒప్పందం బిల్లుకి 2006లో సెనేట్‌లో ఇద్దరూ అవుననే ఓటు వేశారు. నేను తలుపులు తడుతున్నది మన దేశానికి ఏదో చేస్తాడని కాదు. ఓటు లేకపోయినా నేను ఉంటున్న ఊరు ఇది.

మోడరేటర్ | రాత్రి 8:36

సభ్యులకు మనవి. అభిప్రాయాలు ఎంత గట్టిగా ఉన్నా పర్వాలేదు, ఎదుటివారి ఓటు హక్కునీ వీసానీ తక్కువ చేసి మాట్లాడొద్దు. అలాంటి రెండు పోస్టులు తీసేశాం. పోలింగ్ వేళలు, స్థలాలు రాసేటప్పుడు సరిచూసుకుని రాయండి.

ఫోర్ట్‌వేన్_డాక్టరమ్మ | రాత్రి 8:50

పనికొచ్చే మాట ఒకటి. రేపు ఓటు వేసేవాళ్ళు ఫోటో ఐడీ మర్చిపోవద్దు. ఇండియానా చట్టం చాలా కఠినం. పోయిన వారమే, ఏప్రిల్ 28న, అమెరికా సుప్రీంకోర్టు అది చెల్లుతుందని తీర్పిచ్చింది. రాష్ట్రమో కేంద్రమో ఇచ్చిన కార్డు కావాలి, ఫోటో ఉండాలి, గడువు తేదీ ఉండాలి. ఆఫీసు బ్యాడ్జీలు కుదరవు.

మనవాళ్ళకి పేర్లతో తంటా. ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో ఒక్క అక్షరమే ఉంటుంది, ఓటరు జాబితాలో ముందువెనకలుగా ఉంటుంది. రెండు పేర్లూ సరిపోలాలి. అనుమానం ఉన్నవాళ్ళు పాస్‌పోర్టు, లైసెన్సు రెండూ పట్టుకెళ్ళండి. కాదంటే ప్రొవిజనల్ బ్యాలెట్ అడగండి. ఆ తర్వాత పది రోజుల్లోపు కౌంటీ ఎన్నికల బోర్డుకి వెళ్ళి రుజువు చూపించాలి, అప్పుడే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది. పోలింగ్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 వరకే. ఆరింటికల్లా లైన్లో ఉంటే చాలు, వేయనిస్తారు.

ఇండీ_పాతకాపు | రాత్రి 9:30

ఆలస్యంగా చూశాను. ఇప్పుడు ఊళ్ళో అమెరికన్ లీజియన్ మాల్ దగ్గర ఒబామా సభ, స్టీవీ వండర్ పాడుతున్నాడు. మా అబ్బాయిలిద్దరూ అక్కడే ఉన్నారు. నేను వెళ్ళలేదు, మోకాళ్ళు.

1968 మాట ఎవరో ఎత్తారు కాబట్టి చెబుతాను. ఈ ఊళ్ళో చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, నా మొదటి బాసు నల్లజాతి ఆయన, ఆయన దగ్గర విన్నదిది. ఆ ఏడాది ఏప్రిల్ 4న రాబర్ట్ కెనెడీ ఇండియానా ప్రైమరీ ప్రచారానికి వచ్చాడు. పదిహేడో వీధి, బ్రాడ్‌వే మూల మీద సభ. అక్కడికి చేరేలోపే మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారని కబురు. జనంలో చాలామందికి ఇంకా తెలియదు. కెనెడీ ఒక ట్రక్కు మీద నిలబడి ఆ వార్త తనే చెప్పాడు. తన అన్నని కూడా ఒక తెల్లవాడే చంపాడని చెప్పాడు. ఆ రాత్రి దేశంలో ఎన్నో నగరాలు తగలబడ్డాయి, ఇండియనాపొలిస్ ప్రశాంతంగా ఉంది. మా బాసు ఆ గుంపులో ఉన్నాడు, అప్పటికి కుర్రాడు. మే 7న కెనెడీ గెలిచాడు. జూన్‌లో ఆయన్నీ చంపేశారు. సభ జరిగిన ఆ స్థలం ఇప్పుడు కింగ్ పేరు మీద పార్కు.

మా బాసు పోయి నాలుగేళ్ళయింది. నలభై ఏళ్ళకి మళ్ళీ ఈ రాష్ట్రంలో అంత ముఖ్యమైన ప్రైమరీ, అందులో ఒకరు నల్లజాతి మనిషి, ఒకరు ఆడమనిషి. ఇది చూడకుండా పోయాడని మనసుకి కష్టంగా ఉంది. రేపు నేను ఒబామాకే వేస్తాను. ఇది ఎవరినీ ఒప్పించడానికి రాయలేదు.

అత్తిలి_ఆడపడుచు | రాత్రి 11:45

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మా అమ్మాయి పడుకుంది. కార్డులు రెండూ టేబుల్ మీద పెట్టాను. రెండు వైపులా నేను నమ్మే మనుషులే ఉన్నారు, అదే కష్టం. ఊళ్ళో ఉన్నప్పుడు నాన్న ఎవరికి చెబితే వాళ్ళకి వేసేవాళ్ళం. పెళ్ళయ్యాక మామగారు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఓటే లేదు. ఎవరూ చెప్పకుండా వేయడం ఇదే.

---

అత్తిలి_ఆడపడుచు | మే 6, 2008, ఉదయం 8:50

వేసేశాం. ఆరుంపావుకి వెళ్తే అప్పటికే లైన్ చర్చి గుమ్మం దాటి బయటికి వచ్చింది. డెమొక్రాటిక్ బ్యాలెట్ అని పైకి చెప్పి అడగాలి. అడుగుతుంటే నా గొంతు వణికింది, మా అమ్మాయి గట్టిగా చెప్పింది.

నేను హిల్లరీకి వేశాను. చివరికి నా టేబుల్ మీది బిల్లులే తేల్చాయి. మా అమ్మాయి ఒబామాకి. కార్లో కూర్చున్నాక నన్ను అడిగింది, చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. బడి దగ్గర దిగేటప్పుడు వాటేసుకుని వెళ్ళింది.

లేక్‌కౌంటీ_స్టీలు | మధ్యాహ్నం 1:10

షిఫ్టు మధ్యలో వెళ్ళి వేసొచ్చాను. జనం విపరీతం. బ్యాలెట్ కింది దాకా చూసి వేయండి. గవర్నర్ అభ్యర్థికి జిల్ లాంగ్ థాంప్సన్, జిమ్ షెలింగర్‌ల మధ్య కూడా గట్టి పోటీ ఉంది. ఆ సంగతే చాలామందికి పట్టలేదు.

ఫోర్ట్‌వేన్_డాక్టరమ్మ | సాయంత్రం 5:15

సౌత్ బెండ్‌లో వయసు మళ్ళిన సన్యాసినుల్ని ఐడీ లేదని వెనక్కి పంపారట, పదిమందికి పైనే. ఎనభైలు, తొంభైలు దాటినవాళ్ళు. వాళ్ళకి కార్లు లేవు, లైసెన్సులు ఎక్కడి నుంచి వస్తాయి? ఓటర్ల జాబితాలో పేరున్న ముసలివాళ్ళని ఇలా తిప్పి పంపడం అన్యాయం. ఇది నా మనసులోంచి పోదు.

ట్రయాంగిల్_రావు | రాత్రి 7:34

మాకు ఏడున్నరకి పోలింగ్ ముగిసింది, ముగియగానే టీవీలో నార్త్ కరోలినా ఒబామాదని చెప్పేశారు! మా ఆవిడ ఏడుస్తోంది. నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఇండియానా ఏమైంది?

పర్డ్యూ_తమ్ముడు | రాత్రి 10:20

హిల్లరీ ముందుంది, తేడా తగ్గుతూ వస్తోంది. ఇండియనాపొలిస్ వైపు నుంచి ఒబామాకి బాగా వచ్చాయి. లేక్ కౌంటీ నుంచి ఒక్క ఓటు కూడా రాలేదు. స్టీలు అన్నా, ఏం జరుగుతోంది అక్కడ?

లేక్‌కౌంటీ_స్టీలు | రాత్రి 10:41

చెప్పాను కదా. పదకొండు వేల దాకా ఆబ్సెంటీ బ్యాలెట్లు ఉన్నాయట, అవి లెక్కపెడుతున్నారు. గ్యారీ ఒబామాకి గట్టి మద్దతున్న ఊరు. హామండ్ మేయరు హిల్లరీ మనిషి, ఇంత ఆలస్యం ఎందుకని ఆయనే టీవీలో అడుగుతున్నాడు. ఇక్కడ మా గదిలో పదిమంది ఉన్నాం, ఎవరూ ఇంటికి వెళ్ళడం లేదు.

ఇండీ_పాతకాపు | రాత్రి 11:52

లేక్ కౌంటీ మొదటి లెక్క వచ్చింది, ఒబామాకి భారీగా. ఇదే నిష్పత్తి చివరిదాకా ఉంటే ఇండియానా కూడా ఆయనదే.

ఫోర్ట్‌వేన్_డాక్టరమ్మ | మే 7, 2008, అర్ధరాత్రి 12:20

నేను టీవీ కట్టేశాను. చూడలేను. ఎవరైనా ఇక్కడ రాయండి.

పర్డ్యూ_తమ్ముడు | రాత్రి 1:22

డాక్టరమ్మ గారూ, హిల్లరీ గెలిచింది. ఇప్పుడే ప్రకటించారు. పన్నెండున్నర లక్షలకు పైగా ఓట్లలో పద్నాలుగు వేల తేడా అంటున్నారు. మా ఆఫీసులో అందరూ నేల మీద కూర్చుండిపోయారు. మీకు అభినందనలు.

ఫోర్ట్‌వేన్_డాక్టరమ్మ | రాత్రి 1:31

నువ్వు చెప్పావు చూడు బాబూ, అవతలి పక్షం వాడివైనా. బాగా చదువుకో.

గెలిచామని ఉంది కానీ, టీవీలో టిమ్ రసర్ట్ అనే జర్నలిస్టు ఇక అభ్యర్థి ఎవరో తెలిసిపోయింది అంటున్నాడు. నార్త్ కరోలినాలో అంత తేడా వచ్చాక ఈ రెండు పాయింట్లలోపు గెలుపుతో డెలిగేట్ల లెక్క మారదని నాకూ తెలుసు. అయినా ఆమె ఇంకా ముందుకే అంటోంది. నేనూ అంతే. నవంబరులో ఎవరుంటే వాళ్ళకి వేస్తాను, ఈ రాత్రి మాత్రం ఆ మాట అడగొద్దు.

అత్తిలి_ఆడపడుచు | ఉదయం 7:05

మా అమ్మాయి ఒంటిగంట దాకా మేలుకుంది. పద్నాలుగు వేలంటే ఒక్కో పోలింగ్ కేంద్రానికి రెండు మూడు ఓట్లే కదమ్మా అంటోంది. సెలవుల్లో పర్డ్యూ తమ్ముడిలా వాలంటీరుగా వెళ్తుందట. ఆ ఆఫీసు వివరాలు పంపుతావా తమ్ముడూ?

లూయివిల్_చిన్నా | ఉదయం 7:40

రెండు రోజులుగా మీ అందరినీ చదువుతున్నాను. కెంటకీలో మాకు ఈ నెల 20న, ఒరెగాన్‌కి కూడా అదే రోజు. మాది మీలా కాదు, డెమొక్రాట్‌గా రిజిస్టరైన వాళ్ళకే ఆ బ్యాలెట్ ఇస్తారు. నేను డెమొక్రాట్‌గానే ఉన్నాను, మా ఆవిడ ఏ పార్టీ రాయలేదు, ఇప్పుడు మార్చుకునే గడువు దాటింది. తను నాకంటే ఎక్కువ బాధపడుతోంది. పర్డ్యూ తమ్ముడూ, నది దాటి ఇటు వస్తే మా ఇంట్లోనే ఉండొచ్చు. భోజనానికి లోటుండదు.